విప్పి కట్టిన వస్త్రం

సీసా మూతను గట్టిగా తిప్పితే సన్నగా 'కటుక్'మంటుంది. మూతకీ దాని కింద ఉండే పట్టీకీ నడుమ ఉన్న చిన్న చిన్న అతుకులు తెగిన చప్పుడది. మూత చేతికొస్తుంది, పట్టీ సీసా మెడకే ఉండిపోతుంది. అతుకులు ముందే తెగి ఉంటే సరుకును అనుమానించాలి. వాటి పని అంతే, జీవితంలో ఒక్కసారే. తర్వాత సీసాకైనా పాత సామాన్ల బండి మీద చోటు దొరుకుతుంది గానీ మూతను ఎవరూ పట్టించుకోరు.

పశ్చిమ ఆఫ్రికాలో, నైజీరియాలోని న్సుక్కా అనే విశ్వవిద్యాలయ పట్టణంలో ఒక శిల్పి పాతికేళ్ల కిందట ఈ మూతల్ని పట్టించుకున్నారు. ఆయన పేరు ఎల్ అనాట్సుయి. పుట్టింది 1944లో, ఘనా ప్రాంతంలో. మద్యం సీసాల మూతల్ని సాగగొట్టి, మడిచి, నలిపి, రాగి తీగతో ఒకదానికొకటి కట్టి ఆయన చేసే పనులు మేడంత ఎత్తు గోడల మీంచి వేలాడతాయి. దూరం నుంచి చూస్తే ఎవరో పట్టుచీర ఆరేసినట్టుంటుంది. నాలుగడుగులు ముందుకేస్తే జరీ కాస్తా రేకు ముక్కలవుతుంది. ఇంకో రెండడుగులు వేస్తే ఆ రేకుల మీద రమ్ము పేర్లు, బ్రాందీ పేర్లు చదవొచ్చు. లండన్ బ్రిటిష్ మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వీటిని కొని దాచుకున్నాయి. 2015లో వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శన ఆయన జీవితకాలపు కృషికి గోల్డెన్ లయన్ బహుమతి ఇచ్చింది.

ఇలాంటి కళాకారుల గురించి రాసేటప్పుడు మన పత్రికల్లో ఒక శీర్షిక సిద్ధంగా ఉంటుంది: వ్యర్థాలతో అద్భుతాలు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. చెత్తలోంచి అందం పుట్టించడమే గొప్పయితే, కాలిన బల్బులతో పూలకుండీ చేసే ప్రతి ఇంట్లోనూ ఆ గొప్ప ఉంది. అనాట్సుయి పని వెనక అంతకంటే పాత సంగతి ఒకటుంది. బయటినుంచి వచ్చిపడిన సరుకును అలాగే వాడేసుకోకుండా, పోగు పోగునా విప్పి, తమ చేతికి నచ్చినట్టు మళ్లీ కట్టుకోవడం పశ్చిమ ఆఫ్రికా తీరంలో కొన్ని వందల ఏళ్ల అలవాటు. సీసా మూతల వస్త్రం ఆ వరసలో తాజాది. ఆ వరసలో ఒకచోట మన చీరాల మగ్గం కూడా తగులుతుంది.

ముందు మూత సంగతి.

దీన్ని గురించి రాసేముందు నా చేత్తో చేసి చూడాలనిపించింది. మా వీధి చివరున్న పాత సామాన్ల కొట్టుకెళ్లి, "బాబాయ్, సీసా మూతలు కావాలి. రేకువి" అన్నాను. ఆయన కాటా మీంచి తలెత్తి చూశాడు. "సీసాలైతే లెక్కన కొంటాం గానీ మూతలు ఎవరు దాస్తారమ్మా? అదిగో ఆ గోతాం అడుగున ఏమన్నా ఉంటాయేమో వెతుక్కో" అన్నాడు. ముప్ఫయ్యొకటి దొరికాయి. ఎరుపు, నలుపు, బంగారు రంగు, రెండు మాత్రం నీలం. డబ్బులు తీసుకోలేదు. ఇంటికి తెచ్చి సబ్బు నీళ్లలో రెండుసార్లు కడిగినా సారా వాసన వదల్లేదు.

కత్తెరతో పై బిళ్లను వేరు చేశాను. చుట్టూ మిగిలిన గోడను నిలువునా కత్తిరించి విప్పితే పొడవాటి పట్టీ అయింది. దాన్ని పొత్రంతో మెల్లగా సాగగొట్టాను. అల్యూమినియం మెత్తన, మాట వింటుంది. కానీ దాని అంచు బ్లేడే. రెండో మూతకే వేలు తెగింది. నాలుగు మూలలా మేకుతో బెజ్జాలు పెట్టి, మోటారు వైండింగ్ కొట్టులో అడిగి తెచ్చుకున్న సన్న రాగి తీగతో పక్కపక్క పట్టీల్ని కట్టుకుంటూ పోయాను. గంటన్నరకి నా రెండు అరచేతులంత ముక్క తయారైంది. ఎత్తి పట్టుకుంటే రేకు తలుపులా బిగుసుకుని నిలబడింది. వస్త్రం కాలేదు.

ఎక్కడ తప్పానో అర్థం కావడానికి కాసేపు పట్టింది. తీగను పటకారుతో బిగించి మెలేశాను. అది చెయ్యకూడదు. ముడులన్నీ తెంపి, తీగ రంధ్రంలో అటూ ఇటూ ఆడేలా వదులుగా మళ్లీ కట్టాను. ఈసారి ముక్కను ఎత్తగానే అది నా వేళ్ల మీంచి జారి, మడతలు పడి, కొంగులా వేలాడింది. ప్రతి ముడీ తలుపు బందులా పని చేస్తుందన్నమాట. ఒక్కో రేకు గట్టిదే, మెత్తదనమంతా రేకుకీ రేకుకీ మధ్య వదిలిన సందులో ఉంది. ఆయన పనుల ఫొటోలు ఎన్నోసార్లు చూశాను గానీ ఈ సంగతి చేతికి తెలిసేదాకా కంటికి తెలియలేదు.

అనాట్సుయి స్టూడియోలో ఇదే పని పెద్దయెత్తున జరుగుతుంది. మూతలోని మూడు భాగాలూ మూడు రకాల అక్షరాల్లాంటివి. పై బిళ్లని గుండ్రంగానే ఉంచితే రూపాయి కాసులు పేర్చినట్టుంటుంది. పక్క గోడను సాగదీస్తే దీర్ఘచతురస్రపు పట్టీ వస్తుంది, దాన్ని మళ్లీ మడవొచ్చు, మెలిపెట్టొచ్చు, నలిపి ఉండ చెయ్యొచ్చు. సీసా మెడకి మిగిలిపోయే పట్టీని ఉంగరంలా వంచి ఒకదానికొకటి కడితే చేపల వలలాంటి జల్లెడ తయారవుతుంది, దాని వెనకున్న గోడ కనిపిస్తుంది. దట్టంగా పేర్చిన చోట వస్త్రం బరువుగా, చీకటిగా ఉంటుంది. ఉంగరాలు వచ్చిన చోట గాలీ వెలుగూ దూరతాయి. ఆయన మీద సూజన్ వోగెల్ తీసిన డాక్యుమెంటరీ పేరే 'ఫోల్డ్ క్రంపుల్ క్రష్' - మడవడం, నలపడం, అణచడం. మొత్తం వ్యాకరణం ఆ మూడు క్రియల్లో ఉంది.

రంగు వేసేది లేదు. మూత మీద కంపెనీవాళ్లు ఏ రంగు వేసి పంపారో అదే పూత. వెండి మెరుపు కావాలంటే రేకును తిరగేస్తారు. దీనివల్ల ఆయన చేతిలో ఉన్న రంగులు మద్యం మార్కెట్టు నిర్ణయించినవే అయ్యాయి. ఒక బ్రాండు ఆగిపోతే ఒక రంగు కరువవుతుంది. నేతగాడికి రంగుల అద్దకం ఎంత ముఖ్యమో తెలిసినవాళ్లకి ఇది ఎంత ఇరుకైన నియమమో అర్థమవుతుంది. ఆ ఇరుకులోనే ఆయన ఎరుపు మీద బంగారు రంగు కరుగుతున్నట్టు, నలుపులోంచి పసుపు పుట్టుకొస్తున్నట్టు చూపిస్తారు.

పని చేసేది ఆయనొక్కరే కాదు. న్సుక్కా కుర్రాళ్లు పదుల సంఖ్యలో ఉంటారు. చాలామంది చదువు ముగించి పై చదువుకో ఉద్యోగానికో ఎదురుచూస్తున్నవాళ్లు. వాళ్లు కూర్చుని బ్లాకులు బ్లాకులుగా కట్టిపెడతారు. ఆ బ్లాకుల్ని ఆయన నేల మీద పరిపించి, చుట్టూ తిరిగి, పైనుంచి ఫొటో తీసి, ఇది అటు, అది ఇటు అని జరిపిస్తూ రోజుల తరబడి చూస్తారు. కుదిరిందనిపించాకే అన్నిటినీ కలిపి కట్టడం. ఒకడి ముడి బిగుతు, ఇంకొకడిది వదులు. ఒకడు వరస తప్పడు, ఇంకొకడి వరస కొంచెం వంకర పోతుంది. ఆ తేడాలు తుడిచేస్తే యంత్రం చేసిన పనవుతుంది, అందుకే వాటిని ఉండనిస్తారు. 2007 నాటి ఒక పనికి ఆయన తన ఎవే భాషలో 'దుసాసా' అని పేరు పెట్టారు. ఊరందరూ కలిసి అతికిన అతుకుల బట్ట అని దాని భావం. మా అమ్మమ్మ కుట్టిన బొంత గుర్తొస్తుంది నాకు. వీధిలో ఆడవాళ్లు మధ్యాహ్నం పూట ఆమె చుట్టూ చేరి తలా ఒక మూల పట్టుకుని కుట్టేవాళ్లు. ఏ మూల ఎవరిదో కుట్టు దూరాన్ని బట్టి ఆమె చివరిదాకా చెప్పగలిగేది.

ఇక ఆయన ఈ మూతల దాకా ఎలా వచ్చారన్నది.

అనాట్సుయి సొంతూరు అన్యాకో. ఘనా ఆగ్నేయ మూల, కేటా లగూన్ ఒడ్డున ఉంటుంది. ముప్ఫయ్యిద్దరు పిల్లల్లో ఆయన ఆఖరివాడు. తండ్రీ అన్నలూ కెంటే వస్త్రం నేసేవాళ్లు. ఆయన మాత్రం చర్చి మిషన్ ఇంట్లో బంధువుల దగ్గర పెరగడంతో మగ్గం పని నేర్చుకోలేదు. కుమాసీ నగరంలో కళాశాలకెళ్తే అక్కడ ఐరోపా పాఠ్యప్రణాళిక: ప్లాస్టరు బొమ్మలు, గ్రీకు కొలతలు. దేశానికి 1957లోనే స్వాతంత్ర్యం వచ్చింది గానీ తరగతి గదికి ఇంకా రాలేదు. సాయంత్రాలు ఆయన కుమాసీ సాంస్కృతిక కేంద్రానికెళ్లి డోలు చెక్కేవాళ్లనీ, బట్టల మీద అడింక్రా గుర్తులు అద్దేవాళ్లనీ చూస్తూ కూర్చునేవారు. ఒక్కో గుర్తుకీ ఒక్కో సామెతంత అర్థం. వెనక్కి వెళ్లి మరిచిపోయింది తెచ్చుకో అని చెప్పే 'సాంకోఫా' వాటిలో ఒకటి. మాటలు లేకుండానే ఇంత క్లుప్తంగా చెప్పొచ్చని ఆయన అక్కడ తెలుసుకున్నారు.

1969లో విన్నెబా పట్టణంలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక తొలిసారి సొంత దారి పట్టారు. అక్కడి సంతలో ఆడవాళ్లు చేపలూ కూరగాయలూ పెట్టుకునే గుండ్రటి చెక్క పళ్లేలు కొని, వాటి అంచుల మీద కాల్చిన ఇనప కడ్డీతో ఆ గుర్తుల్ని వేశారు. గమనించండి, అప్పుడే మొదలైంది: శిల్పానికి కావలసిన సరుకు దుకాణంలో కాదు, సంతలో, వంటింట్లో, ఎవరిదో చెయ్యి తగిలిన వస్తువులో ఉంటుందన్న నమ్మకం.

1975లో న్సుక్కా విశ్వవిద్యాలయానికి వచ్చారు. నైజీరియా అంతర్యుద్ధమైన బయాఫ్రా యుద్ధం ముగిసి అప్పటికి ఐదేళ్లే. విరిగిన గోడలు, విరిగిన మనుషులు. ఉచే ఒకెకె అనే చిత్రకారుడు అక్కడ ఇగ్బో ఆడవాళ్లు ఒంటి మీదా గోడల మీదా వేసే 'ఉలి' గీతల్ని ఆధునిక చిత్రకళలోకి తెస్తున్నారు. మన వాకిలి ముగ్గులాగే అదీ ఆడవాళ్ల చేతి గీత, కొన్నాళ్లకి చెరిగిపోయేది. ఆ వాతావరణంలో అనాట్సుయి మట్టి పట్టుకుని, 1970ల చివర్లో 'విరిగిన కుండలు' అనే వరస చేశారు. కుండ పగిలితే ఆయన జనంలో దాని పని అయిపోయినట్టు కాదు. పెంకులో నిప్పులు మోసుకెళ్తారు, దేవుడి ముందు నైవేద్యం పెడతారు. దీన్ని ఒక తెలుగువాడికి విడమరచి చెప్పనక్కర్లేదు. అట్లు పోసుకునే దాన్ని మనం పెంకు అనే అంటాం. పగిలిన ముక్కకీ, అట్టు కాల్చే పాత్రకీ మన భాషలో ఒకటే మాట.

తర్వాత పదేళ్లకు పైగా కొయ్య. గొలుసు రంపంతో దుంగల్ని పలకలుగా చీల్చి, కాల్చి, పక్కపక్కనే గోడకి తగిలించేవారు. ఐరోపా దేశాలు కూర్చుని ఆఫ్రికాను ముక్కలుగా పంచుకున్న తీరు ఆ రంపపు కోతలో ఉందని ఆయన అన్నారు. ఆ పలకల్ని ఏ వరసలోనైనా మార్చి పెట్టుకోవచ్చు. ఈ చిన్న వెసులుబాటు తర్వాత ఆయన పనికి ప్రాణమైంది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

1990ల చివర్లో రేకు వచ్చింది. పాల డబ్బాల మూతలు తీగతో కట్టి నేల మీద గుట్టలుగా నిలబెట్టారు. అక్కడి జనం కర్రపెండలం కోరుకునే కోరాలు, అంటే మేకులతో చిల్లులు పొడిచిన రేకులు, వాటిని కలిపి ఒక కూలిన గోడ కట్టారు. ఆ గోడలో ప్రతి రేకూ ఏదో ఒక ఇంట్లో ఏళ్ల తరబడి దుంప కోరి అరిగినదే. నా లెక్కలో అదే ఆయన మొదటి గొప్ప పని. అయితే ఇనుము తుప్పు పడుతుంది. రేకులు గోధుమ రంగుకి తిరుగుతాయి, అది దిగులు రంగు.

1998లో ఒకరోజు న్సుక్కా పొదల పక్కన ఎవరో పారేసిన సంచి కనిపించింది. నిండా మద్యం సీసాల మూతలు. తెచ్చి స్టూడియోలో ఒక మూల పడేశారు. నెలల తరబడి అది అలాగే ఉంది. ఒకరోజు వాటిని కట్టి చూస్తే, ఎంత కలిపినా బరువెక్కని, తుప్పు పట్టని, ఎటు లాగితే అటు ఒదిగే పొర ఒకటి చేతికొచ్చింది. తొలి పనుల్లో రెండింటికి 'మగవాడి బట్ట', 'ఆడదాని బట్ట' అని పేర్లు పెట్టారు. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

బట్ట అని పేరు పెట్టేసరికి చూసినవాళ్లందరూ కెంటే అన్నారు. పోలిక ఉన్న మాట నిజం. కెంటేను వెడల్పు మగ్గం మీద నెయ్యరు. బెత్తెడు వెడల్పున పొడవాటి పట్టీలు నేసి, వాటిని అంచుకి అంచు కలిపి కుట్టి ఒంటికి చుట్టుకునే బట్ట చేస్తారు. మూతల పట్టీలు, బ్లాకులు, వాటిని కలపడం, అన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి. కానీ నన్ను పట్టుకున్నది రూపం పోలిక కాదు. కెంటేకి దారం ఎక్కణ్నుంచి వచ్చేదన్న సంగతి. 18వ శతాబ్దంలో ఘనా ప్రాంతపు అశాంటి రాజుల మగ్గాలకి మెరిసే రంగు పట్టు కావలసి వస్తే, ఐరోపా వర్తకులు తెచ్చి అమ్మిన పట్టు బట్టల్ని కొని, వాటిని పోగు పోగునా విప్పి, ఆ దారాన్ని తమ పత్తి నూలుతో కలిపి మళ్లీ నేసుకునేవాళ్లు. నేసి వచ్చిన బట్టను విప్పడం! నేత తెలిసిన ఏ మనిషికైనా గుండె కలుక్కుమంటుంది. అయినా విప్పారు. ఆ బట్ట మీద ఉన్నది ఎవరిదో పువ్వు, ఎవరిదో లత. వాళ్లకి కావలసింది పోగు మాత్రమే.

ఇప్పుడు చీరాల. పశ్చిమ ఆఫ్రికా తీరానికి వెళ్లిన బట్టలు ఐరోపావే కావు, మనవీ ఉన్నాయి. కోరమండల్ తీరంలో నేసిన నూలు బట్టను ఓడలవాళ్లు 'గినీ గుడ్డ' అని పిలిచేవాళ్లు, గినీ అంటే ఆ తీరమే. దాన్ని అక్కడ దింపి మనుషుల్ని ఎక్కించుకునేవాళ్లు. తర్వాతి కాలంలో మద్రాసు గళ్ల గుడ్డకి నైజీరియాలో ఎంత గిరాకీ ఉండేదంటే, చీరాల చుట్టుపక్కల నేతవాళ్లు 20వ శతాబ్దంలో దాన్ని ఆ మార్కెట్టు కోసమే నేసేవాళ్లు. 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' అని దానికి వ్యాపారపు పేరు. పేరుకి చేతిరుమాలు, నిజానికి గజాల పొడుగు గుడ్డ. నైజర్ నది సముద్రంలో కలిసే చోట ఉండే కలబారి జనం ఆ గళ్ల గుడ్డను 'ఇంజిరి' అంటారు. వాళ్ల ఆడవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు కట్టుకుని ఊరుకోలేదు. సూదితో ఒక్కో పోగును పైకి లేపి, సన్నటి బ్లేడుతో కోసి, లాగేసి, గళ్ల లోపల కొత్త బొమ్మ పుట్టించారు. ఎక్కడ పోగు పోయిందో అక్కడ సన్నటి జాలీ, ఎక్కడ ఉంచారో అక్కడ నమూనా. ఆ పనికి వాళ్ల పేరు 'పెలెటె బిటె', పోగు కోసిన గుడ్డ. పెద్దల చావుల్లో, పండగల్లో దానిదే పెద్దపీట.

చీరాల మగ్గం మీద పడుగూ పేకా సరిచూసుకుంటూ గళ్లు నేసిన మనిషికి, ఆ గళ్లలోంచి తన పోగుల్ని ఒక్కొక్కటే తీసేసి ఎక్కడో ఒక కలబారి ఇల్లాలు దాన్ని తన బట్ట చేసుకుందని తెలిసే వీల్లేదు. నాకు మాత్రం వాళ్లిద్దరూ ఒకే గుడ్డకి రెండు వైపులా కూర్చున్నట్టు అనిపిస్తుంది. ఒకరు పెట్టారు, ఒకరు తీశారు. బట్ట ఇద్దరిదీ అయింది.

అశాంటి పట్టు, కలబారి గళ్లు, న్సుక్కా మూతలు. మూడూ బయటి వ్యాపారం తెచ్చిపెట్టిన సరుకులే. మూతకి తన వంతు చరిత్ర మరీ చేదుగా ఉంది. కరీబియన్ దీవుల చెరకు తోటల్లో బానిసలు పండించిన చెరకు, దాని మడ్డి నుంచి తీసిన రమ్ము, ఆ రమ్మును ఆఫ్రికా తీరానికి తెచ్చి మళ్లీ మనుషుల్ని కొనడం - ఇదొక చక్రం. ఘనా తీరంలో ఎల్మినా, కేప్ కోస్ట్ కోటల కింది చీకటి గదులు ఆ వ్యాపారానికి గోదాములయ్యాయి. అందుకే అనాట్సుయికి సీసా మూత ఉత్త రేకు కాదు. ఆఫ్రికా, ఐరోపా, అమెరికాల్ని కలిపిన ముడి. బ్రిటిష్ సామ్రాజ్యంలో 1834లో బానిసత్వం పోయాక దాని చెరకు తోటలకి ఎవరు వెళ్లారో మనకి తెలుసు. కోరంగి రేవు నుంచి మారిషస్‌కి ఓడెక్కిన తెలుగు కూలీల మునిమనవలు ఇవాళ్టికీ అక్కడ ఉగాది చేసుకుంటున్నారు. పంచదార కథలో మన పేజీ కూడా ఉంది.

న్సుక్కా మూతల మీద కనిపించే పేర్లు ఐరోపావే కావు, నైజీరియాలో కాచిన మద్యాలవి. 'డార్క్ సెయిలర్' అని ఒకటి, నల్ల నావికుడు. 'ఎకోమాగ్' అని ఒకటి, లైబీరియా యుద్ధంలోకి దిగిన పశ్చిమ ఆఫ్రికా శాంతి సేన పేరు. ఏ ఏట దేశం దేని గురించి మాట్లాడుకుందో సారా మూత చదివితే తెలుస్తుంది. మూతను కరిగించి ఇంకో మూత చేస్తే ఈ పేరంతా మూసలో పోయేది. అందుకే ఆయన తన పనిని రీసైక్లింగ్ అంటే ఒప్పుకోరు. కరిగిస్తే వస్తువు తన గతాన్ని మరిచిపోతుంది. కట్టినప్పుడు దాని పేరు, గీత, సొట్ట, దాన్ని తిప్పి తీసిన చేతి బలం అన్నీ ఉంటాయి, కానీ ఇక మూతగా పనికిరాదు. పాత చీర బొంతలోకి వెళ్లాక దాన్ని కట్టుకోలేం, కానీ అది ఏ పెళ్లికి కొన్న చీరో అంచు చూసి చెబుతాం. అనాట్సుయి చేసేది ఆ రకం పని.

ఇందాక వెసులుబాటు అన్నానే, అది ఇది. ఆయన పనికి ఫలానా రూపం అంటూ ఉండదు. పంపేటప్పుడు దాన్ని దుప్పటిలా మడిచి పెట్టెలో పెడతారు. ఇరవై అడుగుల ఎత్తు వస్త్రం ఒక మాదిరి పెట్టెలో ఒదిగిపోతుంది. అవతల మ్యూజియంవాళ్లు పెట్టె తెరిచి, తమ గోడకి తగ్గట్టు ఎలా వేలాడదీసుకుంటే అలా. మడత ఎక్కడ పడాలి, అంచు నేలకి తగలాలా, ఒక మూల పైకి లాగాలా అన్నది వాళ్ల చేతిలో వదిలేస్తారు. శిల్పమంటే రాతిలాగా కదలకుండా, సంతకం పెట్టినట్టు ఒక్కలాగే ఉండాలని నేర్చుకున్న మ్యూజియం ఉద్యోగులు మొదట్లో తికమకపడ్డారంటే ఆశ్చర్యం లేదు. నాకు మాత్రం ఇందులో పెద్ద మర్యాద కనిపిస్తుంది. చీర నేసినవాడు దాన్ని ఇలాగే కట్టుకోవాలని చెప్పడు. కుచ్చిళ్లు ఎన్ని పెట్టుకోవాలో, కొంగు ఎటు వెయ్యాలో కట్టుకునే మనిషి ఇష్టం. ఈయన శిల్పానికి ఆ స్వేచ్ఛ ఇచ్చారు.

అలా వేలాడిన చోట్లలో కొన్ని గొప్పవి. 2007లో వెనిస్‌లో ఫోర్టునీ అనే పాత భవనం ముఖం మీద. అది ఒకప్పుడు వస్త్రాల రూపకర్త మరియానో ఫోర్టునీ ఇల్లు కూడానూ. 2013లో లండన్ రాయల్ అకాడమీ ముందు గోడ నిండా. చాలా పెద్దది ఒకటి 2023 అక్టోబరులో లండన్ టేట్ మోడర్న్‌లోని టర్బైన్ హాల్లో వేలాడింది. ఒకప్పటి విద్యుత్ కేంద్రం, 35 మీటర్ల ఎత్తు, పొడవు 150 మీటర్లకి పైనే. మనిషి చేసిన వస్తువు ఏదైనా అక్కడ అగ్గిపుల్లలా కనిపిస్తుంది. 'బిహైండ్ ద రెడ్ మూన్' అనే ఆ పనిలో మూడు భాగాలు. లోపలికి రాగానే గాలికి ఉబ్బిన ఓడ తెరచాప, దాని మీద ఎర్రటి చంద్రుడు. హాలు నడుమ గాలిలో తేలుతున్న మనిషి ఆకారపు ముక్కలు, ఒక్క చోట నిలబడి చూస్తేనే అవన్నీ కలిసి గుండ్రటి భూగోళమవుతాయి. చివర నల్లటి గోడలా పైకప్పు నుంచి నేలదాకా దిగిన తెర, నేలను తాకిన చోట అలల్లా కుప్పపోసుకుంది. ఓడ, మనుషులు, అవతలి ఒడ్డు. టేట్ అనే పేరు పంచదార శుద్ధి చేసి సంపాదించిన హెన్రీ టేట్‌ది. చెరకు నుంచి పుట్టిన రమ్ము సీసాల మూతలు ఆ పేరు మోసే ఇంట్లో తెరచాపై నిలబడ్డాయి. 2024 ఏప్రిల్‌లో దించేవరకు జనం ఆ ఏటవాలు నేల మీద వెల్లకిలా పడుకుని దాన్ని చూశారు.

ఇంత పెద్ద కొలతలు చెప్పాక నా ముప్ఫయ్యొక్క మూతల ముక్క గురించి మాట్లాడటం సాహసమే. కానీ ఒకరోజు దాన్ని పాత సామాన్ల కొట్టుకి తీసుకెళ్లాను. మూతలు ఇచ్చినందుకు చూపించాలి కదా. ఆయన చేతులు తుండుగుడ్డకి తుడుచుకుని, దాన్ని రెండు చేతులతో అందుకుని వెలుతురుకి ఎత్తి పట్టాడు. ఒక బంగారు రంగు రేకు మీద వేలు పెట్టి, "ఈ సరుకు రావడం మానేసి ఆరేడేళ్లయిందమ్మా. పక్కూరి మనిషొకడు ఇదే తాగేవాడు, సీసాలన్నీ తనే మోసుకొచ్చి ఇచ్చేవాడు" అన్నాడు. కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. రేకులు సన్నగా గలగలమన్నాయి.

"దీన్ని నిలువుగా పెట్టాలా, అడ్డంగానా?"

"మీ ఇష్టం బాబాయ్."

కాటా పైనున్న మేకుకి ఒక్క మూల తగిలించి వదిలాడు. అది పక్కకి వాలి, మూడు మడతలు పడి, ఫ్యాను గాలికి మెల్లగా కదిలింది.